పురుగు కణంలో కాపురం

ప్రొద్దుటూరులో పొద్దు గుంకితే చాలు, వాకిట్లో కుర్చీ వేసుకున్నవాళ్ల చేతుల్లోకి దోమల బ్యాట్లు వచ్చేస్తాయి. వీధి కాలువ మీంచి లేచొచ్చిన దోమ తీగలకు తగిలి చిటుక్కుమంటుంది. చిన్న నీలి మెరుపు, కాసింత మాడువాసన. ఒకటి పోయిందిలే అనుకుంటాం. పోయింది ఒకటి కాదు. ఆ దోమ అండాశయాల్లో, కణాల లోపల, గుంపులు గుంపులుగా బ్యాక్టీరియాలు కాపురం ఉన్నాయి. దోమతోపాటు అవీ కాలిపోయాయి.

ఊరు బంగారానికి పేరుపడింది కాబట్టి ఆ లెక్కలోనే చెప్తాను. మన బంగారంగళ్లలోని తక్కెడ మిల్లీగ్రాముల తేడాను పట్టేస్తుంది. నిండు దోమ తూగేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. అంటే దోమనైనా తూచొచ్చు (ఏ షరాబూ ఒప్పుకోడు, అది వేరే సంగతి). దాని లోపలున్న బ్యాక్టీరియాలు మాత్రం వంద కోట్లకు పైగా ఒకచోట చేరితే గానీ ఒక మిల్లీగ్రాము కావు.

ఆ బ్యాక్టీరియా పేరు వోల్బాకియా. మురుగుకాలువల్లో పెరిగే ఈ దోమ, క్యూలెక్స్ క్వింకిఫాసియేటస్, లోకంలో ఎక్కడ దొరికినా దాదాపు ప్రతిదానిలోనూ అది ఉంటుంది. దోమ కుట్టినంత మాత్రాన మనకు అంటదు, మనలో బతకదు. తల్లి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు వారసత్వంగా పోవడమే దాని దారి.

పేగుల్లో ఉండే బ్యాక్టీరియా గురించి మనకు తెలుసు. పెరుగు తోడుపెట్టే బ్యాక్టీరియా గురించి ఇంకా బాగా తెలుసు. అవన్నీ కణాల బయట ఉండేవి. పేగు గోడకు అంటుకునో, పాలలో తేలుతూనో బతుకుతాయి. నేను చెప్పబోయే రకం వేరు. ఇవి కణం పొర దాటి లోపలికి పోయి, అక్కడి సరుకు తిని, అక్కడే చీలి రెట్టింపవుతాయి. బయటికి తీసి ల్యాబులో గాజు పళ్లెంలో ఎంత పోషకం పోసినా పెరగవు, బతికున్న కణం కావలసిందే. అందుకే చాలాకాలం ఎవరి కంటికీ ఆనలేదు. పురుగులు, సాలీళ్లు, నల్లులు, పిడుదులు లాంటి కీళ్లకాళ్ల జీవుల్లో ఇలాంటి కాపురాలు ఇన్నిన్ని అని చెప్పలేం. ఒక్క వోల్బాకియానే తీసుకున్నా, కీటక జాతుల్లో సుమారు సగం వాటిలో ఉందని అంచనా.

1924లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో మార్షల్ హెర్టిగ్, సిమియన్ బర్ట్ వోల్బాక్ అనే ఇద్దరు పురుగుల్ని కోసి చూస్తుండగా క్యూలెక్స్ దోమ అండాశయాల్లో ఇది కనిపించింది. వోల్బాక్ టైఫస్ జ్వరం మీద పనిచేసిన రోగవిజ్ఞాని. టైఫస్ బ్యాక్టీరియాకు దగ్గరి పోలిక ఉందే, ఇదేమన్నా జబ్బు చేస్తుందా అన్నది వాళ్ల వెతుకులాట. ఏ జబ్బూ చేయడం లేదని తేలింది. 1936లో హెర్టిగ్ దానికి తన సహచరుడి పేరు పెట్టి ఊరుకున్నాడు. ముప్ఫై ఏళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

ఈలోగా జర్మనీలో హానెస్ లావెన్ అనే ఆయనకు ఒక విచిత్రం ఎదురైంది. ఒక ఊరి మగదోమను ఇంకో ఊరి ఆడదోమతో కలిపితే కొన్ని జతలకు గుడ్లు పొదగడం లేదు. జాతి ఒకటే, రూపం ఒకటే, సంబంధం మాత్రం కుదరడం లేదు. కారణం తెలియకపోయినా ఆయన దాన్ని పనిలో పెట్టాడు. 1967లో బర్మాలో, రంగూన్ దగ్గర ఓక్పో అనే పల్లెలో, పొత్తు కుదరని మగదోమల్ని రోజూ వేల లెక్కన వదిలాడు. మగదోమ కుట్టదు గనక ఊరివాళ్లకు ఇబ్బంది లేదు. పన్నెండు వారాలు తిరక్కుండానే ఆ ఊరి క్యూలెక్స్ దోమలు గుడ్లు పొదగక అంతరించాయి. ఎందుకు పనిచేసిందో తెలియకుండానే ప్రయోగం గెలిచింది! మరో నాలుగేళ్లకు, 1971లో, జానిస్ యెన్, రాల్ఫ్ బార్ అసలు దొంగను పట్టారు. సంబంధం చెడగొడుతున్నది హెర్టిగ్ పేరు పెట్టి వదిలేసిన ఆ బ్యాక్టీరియానే. దోమ పిల్లలకు టెట్రాసైక్లిన్ తాగించి వోల్బాకియాను చంపితే పొత్తు కుదరని చిక్కు కూడా పోతుంది.

ఈ టెట్రాసైక్లిన్ మాటను గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ వస్తుంది.

కిటుకు ఇలా ఉంటుంది. వోల్బాకియాకు మగపురుగుతో పనిలేదు. వీర్యకణంలో దానికి చోటు చాలదు కాబట్టి మగదాంట్లో పడితే దాని వంశం అక్కడితో సరి. ఆడదానిలో ఉంటేనే గుడ్డెక్కి ముందుకు పోగలదు. అందుకని మగదాన్ని ఆయుధంగా వాడుకుంటుంది. వోల్బాకియా ఉన్న మగదోమ వీర్యంలో ఒక రకం విషం నూరిపెడుతుంది. విరుగుడేమో వోల్బాకియా ఉన్న ఆడదోమ గుడ్డులోనే ఉంటుంది. వోల్బాకియా లేని ఆడదోమ ఆ మగదానితో కలిస్తే దాని గుడ్లన్నీ మురిగిపోతాయి. ఉన్నదానికేమో పిల్లలు నిక్షేపంగా పుడతారు. విషం పెట్టేదీ అదే, విరుగుడు దాచేదీ అదే. తరాలు గడిచేకొద్దీ వోల్బాకియా ఉన్న తల్లుల సంతానమే ఊరంతా నిండుతుంది. ఈ పని చేసే రెండు జన్యువుల జంటను 2017లో గుర్తించారు.

ఇది దాని పనుల్లో ఒకటే. కొన్ని జాతుల్లో మగపిల్లల్ని గుడ్డులోనే చంపేస్తుంది. మన తోటల్లోనూ తిరిగే హైపోలిమ్నాస్ బోలినా అనే సీతాకోకచిలుక ఉంది. పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో 2001 నాటికి వాటిలో మగవి నూటికి ఒకటే మిగిలింది. ఆ తర్వాత సీతాకోకచిలుకలే ఎదురు తిరిగాయి. మగపిల్లల్ని చంపే ఆ పనిని అణచే జన్యువు వ్యాపించి, 2006 కల్లా మగవి నూటికి నలభై దాకా వచ్చేశాయి. ఇంత వేగంగా జరిగిన పరిణామాన్ని మనుషులు కళ్లారా చూసిన సందర్భాలు తక్కువ.

పత్తి రైతులకు ట్రైకోగ్రామా కార్డులు తెలిసే ఉంటాయి. కాయతొలుచు పురుగు గుడ్ల మీద బతికే చిట్టి కందిరీగల్ని అట్టముక్కకు అంటించి ఆకు వెనక పిన్ను చేస్తారే, అవి. ఆ కందిరీగల్లో కొన్ని రకాల్లో మగవి అసలే లేవు. తల్లి మగదాని ఊసు లేకుండా ఆడపిల్లల్నే కంటూ పోతుంది. 1990లో వాటికి యాంటీబయాటిక్ తినిపించి చూస్తే మళ్లీ మగపిల్లలు పుట్టారు! ఇన్నాళ్లూ అడ్డుపడింది వోల్బాకియా. దీన్ని తెగులనాలో వరమనాలో నాకైతే తెలియదు. గుడ్డు పెట్టేది ఆడదే కాబట్టి చేను కాపాడాలనుకునేవాడికి మాత్రం లాభమే.

మేడిపండును చీలిస్తే లోపల పురుగులే అని వేమన ఏనాడో చూపెట్టాడు. ఆ పురుగులు కూడా కందిరీగలే. మేడి, అత్తి, మర్రి చెట్ల పూలు కాయ లోపలే ఉంటాయి, వాటిని ఫలదీకరించేది ఆ చిట్టి కందిరీగే. అలాంటి కందిరీగ జాతుల్లో చాలావాటి కణాల్లోనూ వోల్బాకియా దొరికింది. వేమన పండు దగ్గర ఆగాడు, పురుగును చీల్చే సాధనం ఆయన కాలానికి లేదు. ఇప్పుడు జిల్లాకేంద్రంలో ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయం ఉంది. ఒక పురుగును నూరి, డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ యంత్రంలో పెడితే లోపల వోల్బాకియా ఉన్నదీ లేనిదీ ఒకరోజులో తేలిపోతుంది. బీఎస్సీ, ఎంఎస్సీ పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదని నా అభిప్రాయం. ఊర్లో పురుగులకు కొదవా?

ఇంతకీ దోమకథ సగమే చెప్పాను. డెంగీ తెచ్చే ఏడీస్ ఈజిప్టై దోమ వేరు. కాళ్ల మీద తెల్లచారలు, పగలు కుడుతుంది, మంచినీళ్ల డ్రమ్ములో, కూలర్ తొట్టిలో గుడ్లు పెడుతుంది. మురుగుదోమలో పుట్టుకతో వచ్చే వోల్బాకియా ఈ దోమలో సహజంగా లేదు. శాస్త్రవేత్తలు పండ్ల ఈగ నుంచి వోల్బాకియాను తీసి, సన్నని సూదితో ఏడీస్ గుడ్లలోకి ఎక్కించారు. వేల గుడ్లు పాడయ్యాక గానీ వంశం నిలబడలేదు. నిలబడ్డాక చూస్తే అనుకోని ఫలితం, ఆ దోమ ఒంట్లో డెంగీ వైరస్ సరిగా పెరగడం లేదు. ఆస్ట్రేలియాలో స్కాట్ ఓనీల్ బృందం 2011లో కెయిర్న్స్ పట్టణ శివార్లలో ఇలాంటి దోమల్ని వదిలింది. తర్వాత ఇండోనేసియాలోని యోగ్యకర్తా నగరాన్ని ముక్కలుగా విడగొట్టి, కొన్నిచోట్ల వదిలి కొన్నిచోట్ల వదలకుండా పోల్చి చూశారు. 2021లో అచ్చైన లెక్క ప్రకారం దోమలు వదిలిన చోట డెంగీ కేసులు 77 శాతం తగ్గాయి. మన దేశంలో పుదుచ్చేరిలోని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంస్థ వీసీఆర్‌సీ కూడా ఇలాంటి ఏడీస్ దోమల్ని తయారుచేసినట్టు 2022లో ప్రకటించింది.

దోమల్ని వదులుతామంటే జనం ఊరుకుంటారా అని ఎవరైనా అడగొచ్చు. అడిగిన చరిత్ర ఉంది. 1970ల మొదట్లో ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐసీఎంఆర్ కలిసి దోమల జన్యు నియంత్రణ కేంద్రం నడిపాయి. ఇది విదేశీ కుట్ర అన్న అనుమానం పత్రికలకెక్కింది, పార్లమెంటులో రభస అయింది, 1975లో కేంద్రం మూతపడింది. పని కంటే ముందు మాట చెప్పి ఉంటే అంత దూరం వచ్చేది కాదు. ఇంకొక మాట. రేపు వోల్బాకియా దోమలు వచ్చినా డ్రమ్ము మీద మూత వేయక తప్పదు, కాలువ పూడిక తీయక తప్పదు. బ్యాక్టీరియా మున్సిపాలిటీ పని చేయదు.

ఇదే మురుగుదోమ బోదకాలు పురుగును కూడా మోస్తుంది. మన సీమకంటే కోస్తా జిల్లాల్లో ఆ బాధ ఎక్కువ. తమాషా ఏమంటే, బోదకాలు తెచ్చే ఆ సన్నని పురుగు కణాల్లోనూ మరో రకం వోల్బాకియా ఉంది, అది లేకపోతే పురుగు పిల్లల్ని కనలేదు. అంటే దోమలో ఒక వోల్బాకియా, దోమలో ఉన్న పురుగులో ఇంకో వోల్బాకియా. నాలుగైదు వారాలు డాక్సీసైక్లిన్ మింగిస్తే పురుగు లోపలి బ్యాక్టీరియా చచ్చి, పురుగు గొడ్డుబోతుంది. డాక్సీసైక్లిన్ అంటే టెట్రాసైక్లిన్ కుటుంబానిదే.

ఇక ప్రొద్దుటూరు వదిలి పులివెందుల దారి పడదాం. అక్కడివాళ్లకు బత్తాయి అంటే తెలియదని కాదు గానీ, నోట వచ్చేది చీనీ అనే. లింగాల దగ్గర మా బంధువు ఒకాయనకు చీనీతోట ఉంది. వరసకు చిన్నాయన. పోయిన సారి పోతే తోటలోకి తీసుకుపోయి ఒక చెట్టు చూపించాడు. చెట్టంతా పచ్చగా ఉంది, ఒక్క కొమ్మ మాత్రం పసుపు.

"జింకు మూడుసార్లు కొట్టించినా రా. ఇనుం కొట్టినా. ఆ కొమ్మ మాత్రం పచ్చబడలా" అన్నాడు.

"ఒక ఆకు తెంపియ్యి చిన్నాయనా."

ఆకును నడిఈనె మీద మడిచి వెలుతురుకు ఎత్తి చూశాం. జింకు లోపమైతే ఈనెకు ఇటూ అటూ పసుపు ఒకే తీరుగా ఉంటుంది, అద్దంలో బొమ్మలాగా. ఈ ఆకులో ఎడమపక్క ఒక మచ్చ, కుడిపక్క వేరే ఆకారం, వేరే చోట. రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిపడలేదు. ఆ కొమ్మకున్న కాయలు కూడా చిన్నవి, ఒకపక్కకు ఒరిగిపోయినట్టు వంకర. కోస్తే మధ్య కాడ కూడా వంకరే, రసం చేదు. చిన్నాయన ఏమీ మాట్లాడలేదు. పీసీఆర్ పరీక్ష చేస్తే గానీ ఖాయం చేయలేం, కానీ లక్షణాలు గ్రీనింగ్ తెగులువి.

గ్రీనింగ్‌కు కారణం లిబరిబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా. చెట్టులో అది ఆకుల నుంచి వేర్లకు చక్కెర మోసే నాళాల కణాల్లో కూర్చుంటుంది. నాళాలు మూసుకుపోతాయి, ఆకులో తయారైన చక్కెర అక్కడే పేరుకుంటుంది, వేర్లు ఆకలితో చస్తాయి. జింకు చల్లితే ఏం లాభం? ఈ తెగులుకు చైనావాళ్లు పెట్టిన పేరు హువాంగ్‌లాంగ్‌బింగ్, కొమ్మ పసుపెక్కే జబ్బు అని. పండుకూ చైనా పేరే, తెగులుకూ చైనా పేరే. ఇంకో చుట్టరికం కూడా ఉంది. వేరుశనగ మొక్కను పీకితే వేర్లకు గుండ్రని బుడిపెలుంటాయి కదా, గాలిలో నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చేవి. ఆ బుడిపెల్లోని రైజోబియం రకం బ్యాక్టీరియాకూ చీనీచెట్టును చంపే లిబరిబ్యాక్టర్‌కూ వర్గం ఒకటే. పులివెందుల పొలాల్లో ఒకే వర్గం ఒక గట్టున ఎరువు వేస్తుంది, ఇంకో గట్టున చెట్టు ఎండబెడుతుంది.

చెట్టు నుంచి చెట్టుకు దాన్ని మోసేది సిల్లా పురుగు. మూడు మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. కొమ్మ మీద వాలినప్పుడు తల కిందికి వంచి తోక నలభై ఐదు డిగ్రీలు పైకెత్తి కూర్చుంటుంది, ఒకసారి గుర్తుపడితే మరి మరిచిపోరు. గుడ్లు లేత చిగుర్ల మీదే పెడుతుంది. పిల్లపురుగులు చిగురు నుంచి రసం పీలుస్తూ వెనకనుంచి తెల్లని మైనపు పోగులు వదులుతాయి. మీ పెరట్లో కరివేపాకు చెట్టు ఉంటే లేతరెమ్మ తిప్పి చూడండి, అక్కడా కనిపించొచ్చు. కరివేపాకు దీనికి ఇష్టమైన ఇల్లు. సిల్లా రసంతోపాటు పీల్చుకున్న లిబరిబ్యాక్టర్ దాని పేగు కణాల్లోకి దూరి, అక్కడ పెరిగి, ఒళ్లంతా పాకి, లాలాజల గ్రంథులకు చేరుతుంది. తర్వాత ఆ పురుగు వాలిన ఏ చెట్టుకైనా అంటొచ్చు. ఆసియా సిల్లా ఈ పని చేస్తోందని 1967లో మన దేశంలోనే తేల్చారు.

ఆ సిల్లా ఒంట్లో ఉన్నది లిబరిబ్యాక్టర్ ఒక్కటే కాదు. చెట్టు రసంలో చక్కెర దండిగా ఉంటుంది గానీ ఒళ్లు కట్టే అమైనో ఆమ్లాలు తక్కువ. మూడు పూటలా పానకం తాగి బతకమంటే మనమేం బతుకుతాం? సిల్లా బతుకుతోందంటే కార్సొనెల్లా అనే బ్యాక్టీరియా దాని కడుపులో ప్రత్యేకమైన కణాల్లో కూర్చుని ఆ అమైనో ఆమ్లాలు వండిపెడుతోంది కాబట్టి. పక్కనే ప్రొఫ్టెల్లా అని ఇంకొకటి. అది ఒక విషం తయారుచేస్తుంది, శత్రువుల నుంచి కాపాడేది ఆ విషమేనని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. వోల్బాకియా కూడా ఉంటుంది. వంటమనిషి, కాపలావాడు, పెత్తనం చేసే బంధువు, మధ్యలో జబ్బు మోసే బాటసారి. మూడు మిల్లీమీటర్ల ఒంట్లో ఇంత సంసారం!

అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో కనిపించింది, 2005లో తెగులు బయటపడింది. ఇరవై ఏళ్లలో అక్కడి నారింజ దిగుబడి 90 శాతానికి పైగా పడిపోయింది. ఇప్పుడు అక్కడ చెట్టు కాండానికి సూది గుచ్చి ఆక్సీటెట్రాసైక్లిన్ ఎక్కిస్తున్నారు. మళ్లీ ఆ కుటుంబమే! పని కొంత జరుగుతోందని అంటున్నారు గానీ, ఆ దారి మనకు వద్దనే నేనంటాను. మనుషుల ప్రాణం నిలబెట్టే మందును తోటలకు తోడిపోస్తే రేపు అది మనుషులకే పనిచేయకుండా పోతుంది. ఆ మనుషులెవరో కాస్త ఆగితే చెప్తాను. తెగులు ఖాయమైన చెట్టుకు మందు లేదు, పెరికి కాల్చేయాల్సిందే. కొత్తగా నాటేటప్పుడు దారిన పోయే వ్యాను దగ్గర అంట్లు కొనకుండా, వలకప్పు కింద పెంచిన, రంగపూర్ నిమ్మ వేరుమొక్క మీద కట్టిన అంట్లు తెచ్చుకోవాలి. తిరుపతిలో నిమ్మజాతి పరిశోధన స్థానం ఉంది, సలహాకు అక్కడ అడగొచ్చు. మందు కొట్టేదేదో చిగురు వేసే రోజుల్లోనే కొట్టాలి. సిల్లా గుడ్డు పెట్టేది అప్పుడే.

పానకం మీద బతికే పురుగులు ఇంకా ఉన్నాయి. జమ్మలమడుగు నల్లరేగడిలో పత్తి వేసినవాళ్లకు పేనుబంకతో ఏటా పోరాటమే. పేను, బంక, రెండు మాటల్లో పురుగు రూపమూ అది విసర్జించే జిగటా వచ్చేశాయి. మన రైతులు పెట్టిన పేరు అది, ఏ నిఘంటువూ ఇంత బాగా చెప్పదు. ఆ జిగట ఏమిటంటే, అమైనో ఆమ్లాల కోసం తెగ రసం పీల్చి, మిగిలిన చక్కెర నీళ్లు వెనకనుంచి వదిలేయడం. చీమలు దాని కోసమే చుట్టూ తిరుగుతుంటాయి. పేనుబంక కణాల్లో ఉండే వంటమనిషి పేరు బుఖ్నెరా, పురుగుల్లోని ఇలాంటి కాపురాల్ని పరిశోధిస్తూ జీవితమంతా గడిపిన జర్మన్ శాస్త్రవేత్త పౌల్ బుఖ్నర్ పేరు మీద. ఆ రెంటి పొత్తు కనీసం పదహారు కోట్ల ఏళ్ల నాటిది. అంతకాలం ఇంట్లో కూర్చుని తినేసరికి బుఖ్నెరాకు బయట బతికే జన్యువులన్నీ ఊడిపోయాయి. మన పేగుల్లోని ఈ-కోలైకి నాలుగు వేలకు పైగా జన్యువులుంటే, దాని చుట్టమైన బుఖ్నెరాకు మిగిలింది ఆరు వందలకు అటూఇటూ. పేనుబంక లేకుండా అది లేదు, అది తీసేస్తే పేనుబంకకు సంతు లేదు. ఇక పిండినల్లుల్లో ఒక జాతిలోనైతే బ్యాక్టీరియా కడుపులో ఇంకో బ్యాక్టీరియా ఉందని 2001లో బయటపడింది. ఆ లెక్క అక్కడితో ఆపుదాం.

పశువుల సంగతి ఒక ముక్క. గొడ్ల పొదుగు దగ్గర, చెవుల్లో పట్టే పిడుదుల్లో అనాప్లాస్మా అనే కణాంతర బ్యాక్టీరియా ఉంటుంది. పిడుదు కరిస్తే గొడ్డు ఎర్రరక్త కణాల్లో చేరుతుంది. జ్వరం, పాండురోగం, పాలు తగ్గడం. రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి, రంగు వేసి చూస్తే కణం అంచున చుక్కబొట్టులా కనిపిస్తుంది. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల పిల్లలకు ఈ చుక్క పాఠ్యపుస్తకంలో పరిచయమే. మందు? ఆక్సీటెట్రాసైక్లిన్.

ఎందుకు మాటిమాటికీ ఈ మందే అంటే, ఈ బ్యాక్టీరియాలన్నీ కణం లోపలుంటాయి. దోమలో వోల్బాకియా, గొడ్డులో అనాప్లాస్మా, నేను చెప్పబోయే మనిషి జ్వరం బ్యాక్టీరియా, మూడూ రికెట్సియేలిస్ అనే ఒకే వర్గం. ఇంటిపేరు ఒకటే అనుకోండి. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా గోడను కట్టనీయకుండా చేసి చంపుతాయి. ఈ వర్గంలో చాలావాటికి ఆ గోడ సరిగా ఉండదు, పైగా అవి మన కణం లోపల దాక్కుంటే ఆ మందు వాకిట్లోనే ఆగిపోతుంది. టెట్రాసైక్లిన్ రకాలు కణంలోకి చొరబడి బ్యాక్టీరియా ప్రొటీన్ల తయారీనే ఆపేస్తాయి.

ఆ మనిషి జ్వరం పేరు స్క్రబ్ టైఫస్. చేసేది ఒరియెన్షియా సుత్సుగాముషి. మోసేది ఎర్రటి చిన్న నల్లి, అదీ దాని పిల్లదశలోనే, ఆరు కాళ్లున్నప్పుడు. గడ్డిపరక కొసకెక్కి ఎలుక కోసమో మనిషి కాలి కోసమో కాచుకుంటుంది. కరిచినట్టు కూడా తెలియదు. జీవితంలో ఒక్కసారే అలా తిని, నేలలోకి దిగి పెద్దదవుతుంది. ఇక మనిషి జోలికి రాదు, మట్టిలో పురుగుల గుడ్లు తింటూ బతుకుతుంది. తన ఒంట్లోని ఒరియెన్షియాను మాత్రం గుడ్లకు పంచుతుంది, కాబట్టి పుట్టే పిల్లనల్లి పుట్టుకతోనే జబ్బు మోసుకొస్తుంది. కొన్ని నల్లి జాతుల్లో ఇది ఉంటే పుట్టేవన్నీ ఆడపిల్లలే. వోల్బాకియా ఇంటిపేరు ఊరికే పోతుందా?

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజులు దానికి అదను. మన దగ్గర శనగ విత్తేది, వేరుశనగ కాయలు పీకేది, పత్తి తీసేది ఆ నెలల్లోనే. గట్టు మీద గడ్డిలో కూర్చుని అన్నం తినేది, కంపచెట్ల వెనక్కి పోయేది, గొర్రెల వెంట పొదల్లో తిరిగేది ఎవరో మనకు తెలుసు. కరిచిన పదిరోజుల అటూఇటూ జ్వరం మొదలవుతుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు. డెంగీ కాదంటారు, మలేరియా కాదంటారు, టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు మొదలుపెడతారు. ఆ ఇంజెక్షన్లు చాలావరకు గోడ మీద పనిచేసే రకమే. వారం గడిచాక ఊపిరితిత్తులకో మూత్రపిండాలకో మెదడుకో పాకితే కడపకో, తిరుపతికో, వేలూరుకో పరుగు. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్, లేదా అజిత్రోమైసిన్, ఖరీదులేని మందులు, రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ముదిరిన కేసుల్లో ఈ రెండూ కలిపి ఇస్తే ఒక్కటి ఇచ్చిన దానికంటే మేలని మన దేశపు ఆసుపత్రుల్లో జరిగిన పెద్ద పరిశోధన 2023లో తేల్చింది.

కాబట్టి మీ ఇంట్లో పొలం పోయివచ్చే మనిషికి నాలుగైదు రోజులు దాటినా జ్వరం దిగకపోతే ఒళ్లంతా వెతకండి. చంకలో, నడుం చుట్టూ చీర కుచ్చిళ్లో పంచో బిగించే చోట, గజ్జల్లో, మోకాలి వెనక, రొమ్ముల కింద. బీడీ నిప్పు అంటినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా, నొప్పి లేకుండా ఉంటే అదే నల్లి కరిచిన గుర్తు. నొప్పి లేదు కాబట్టి రోగులు చెప్పరు, సిగ్గుపడి చూపించరు. అది ఉన్నా లేకపోయినా, డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు "చేన్లోకి పోయొచ్చినాం సార్" అన్న మాట ముందుగా చెప్పండి. స్క్రబ్ టైఫస్ పరీక్ష చేయించమని అడగండి.